ఆమ్నా పేరు పడాల్సిన చోటు

ఆమ్నా అనే పంతులమ్మ కనబడటం లేదు. సూడాన్ దేశంలో, పత్తి పండే ఒక పల్లెలో, ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ ఆవిడ. బడి జరుగుతుండగా వచ్చి తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు.

ఈ నాలుగు ముక్కలు అచ్చెయ్యడానికి హైదరాబాదులో ఒక వారపత్రికకు చోటు చాలలేదు. నేను రాసి పంపిన ఒమాన్ యాత్రలో ఇవి ఉన్నాయి. వాళ్ళు తీసేశారు. తీసేసిన చోట నగల దుకాణం ప్రకటన వేశారు. కథనానికి "బంగారు ఎడారిలో మన తాత" అని పేరు పెట్టారు. ఎడారిలో నాకు బంగారం కనబడలేదు. వాళ్ళకు నేను తాతనూ కాను.

అందుకని మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. ఈసారి మా సిరిసిల్లలో పెండ్లి కార్డులు, కరపత్రాలు వేసే ట్రెడిల్ ప్రెస్సులో అచ్చు. ఆ ప్రెస్సువాడి దగ్గరున్న కత్తెర కాగితం కొయ్యడానికే.

అల్ హైల్

నా చెల్లెలి కొడుకు రాజేశం ఒమాన్‌లో మెకానిక్కు. మస్కట్ పక్కన అల్ హైల్ అనే చోట గ్యారేజీల వరుసలో అతని పని. "మామా, ఒక్కపారి అచ్చిపో. గింత సదివినోనివి సముద్రం దాటకుంట సస్తవా?" అని సెలవుకు వచ్చినప్పుడల్లా అనేవాడు.

నేను చదివింది ఎంతో వాడికేం తెలుసు! మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, నూలు బేళ్ళకు చుట్టి వచ్చిన కాగితాల మీద తెలుగు నేర్చుకున్నాను. నిజాం జమానాలో సర్కారు బడి ఉర్దూలో నడిచేది, అందులోకి మా ఇంటి పిల్లలు పోయింది లేదు. కచేరీ గోడల మీద అంటించిన హుకుంనామాలు కూడబలుక్కుని ఉర్దూ పట్టుకున్నాను. ఇంగ్లీషు తల నెరిశాక. పంతులు ఎవరూ లేరు. తప్పు చదివితే నవ్వేవాళ్ళు మాత్రం ఊరినిండా ఉన్నారు.

వీసా సంగతి, ముద్రల సంగతి రాయను. రాజేశం అర్బాబు, అంటే అక్కడి యజమాని, సంతకం పెట్టాడు, నేను వెళ్ళాను. అంతే.

సీబ్ విమానాశ్రయంలో నా పెట్టె తెరిపించారు. చెల్లెలు సకినాలు, మామిడి తొక్కు, కారప్పొడి కట్టి ఇచ్చింది. ప్రతి పొట్లాన్నీ చిరగని పూర్తి పత్రిక పేజీలో చుట్టింది. అధికారి కుర్రవాడు తొక్కు డబ్బాను వాసన చూసి పక్కన పెట్టాడు. కాగితాలను మాత్రం విప్పి, వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్ని పత్రికలెందుకు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"పత్రికలు కావు, పొట్లాలు" అన్నాను.

నవ్వి వదిలేశాడు. తొక్కు ఘాటుకు భయపడనివాడు కాగితానికి జంకాడు. ఈ జంకు నాకు కొత్త కాదు. మా రోజుల్లో పఠన మందిరం పెట్టాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. ఇజాజత్ లేని మందిరానికి బెజవాడ పత్రిక నూలు బేళ్ళ మధ్య దాగి వచ్చేది. ఒకడు చదివేవాడు, ఇరవై మంది వినేవాళ్ళు. పోలీసు పటేలు వచ్చి పత్రిక పట్టుకుపోతే, విన్నవాళ్ళు వాడ వాడకూ వెళ్ళి చెప్పేవాళ్ళు.

రాజేశం రూములో, అతనితో ఉండే మనవాళ్ళ దగ్గర చూస్తే అదే తంతు. సకినాలను పళ్ళెంలో పోసి ఒక మూలకు నెట్టి, నూనె మరకల పేజీలను నేల మీద పరిచారు. డ్యూటీ బట్టలు విప్పకుండానే చుట్టూ కూర్చున్నారు. ఒకడు పైకి చదివాడు. వడ్ల ధర, కరెంటు కోత, ఎక్కడో వాగు దాటుతూ కొట్టుకుపోయిన బస్సు. నెలనాటి వార్తలే, అయినా ఎవరూ మధ్యలో లేవలేదు. మా చెల్లెలు పేజీ చింపకుండా ఎందుకు చుట్టిందో అప్పుడు అర్థమైంది. సకినాలు సాకు. వాళ్ళు అడిగింది కాగితం.

కారప్పొడి చుట్టిన పేజీలో ఆఫ్రికా పిల్లవాడి బొమ్మ ఉంది. ఎముకల గూడు. మీరూ చూసే ఉంటారు, మన పత్రికలు ఆఫ్రికా అనగానే వేసే బొమ్మ అదొక్కటే. కారం రాలి ఆ పిల్లవాడి కళ్ళ మీద ఎర్రగా అంటుకుంది.

"గిదే మామా ఆఫ్రికా" అన్నాడు రాజేశం. "తిండి లేదు, సదువు లేదు. మా పక్క గ్యారేజీల ఇద్దరున్నరు సుడానోళ్ళు. కర్రెటోళ్ళు. మేం మాట్లాడం."

"నీ మొఖం అద్దంల ఎన్నడన్న సూస్కున్నవారా?"

"నాది ఎండకు అయింది మామా."

"వాళ్ళది వెన్నెలకు అయిందా?"

రూమంతా నవ్వింది. రాజేశం కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వీడి మీద కాదు కోపం. వీడికి ఆఫ్రికాను ఇంత ముక్కగా కోసి పంపిన పత్రికల మీద.

మత్రా

శుక్రవారం మత్రాకు వెళ్ళాం. పాత రేవు. కొండలు సముద్రం మెడ మీద కూర్చున్నట్టు ఉంటాయి. బజారు సందుల్లో సాంబ్రాణి వాసన. అది ఈ దేశపు చెట్ల బంకే. మనం దేవుడికి చిటికెడు వేస్తాం, వాళ్ళు ఇంట్లో, బట్టల్లో, అతిథి గడ్డంలో కూడా పొగ పట్టిస్తారు. నా గడ్డానికీ పట్టించారు. వారం రోజులు నేను గుడిలా వాసన కొట్టాను.

గుజరాతీ సేట్ల దుకాణాలు, బంగారం దుకాణాలు ఉన్నాయి. బంగారం గురించి ఇంతకంటే రాయలేదు, ఇప్పుడూ రాయను. హల్వా బాగుంది. మట్టి మూకుడులో పోసి ఇస్తారు, వేలితో తినాలి.

సముద్రానికెదురుగా చాయ్ దుకాణం దగ్గర రాజేశం అర్బాబు సాలెం కలిశాడు. నా ఈడువాడే. తలకు అల్లిక టోపీ, చేతిలో వంకీ కర్ర. ఇంకో ముసలాయనతో గలగలా మాట్లాడుతున్నాడు. చెవి పెట్టి విన్నాను. అరబ్బీ కాదు.

"సవాహిలీ" అన్నాడు సాలెం, తనకొచ్చిన హిందీలో. "నేను పుట్టింది ఆఫ్రికా ఒడ్డున జంజిబారు దీవిలో. తల్లి జోలపాట ఆ భాషలోనే విన్నాను. కోపమొచ్చినా అదే వస్తుంది."

"ఆ దీవిలో మీవాళ్ళు దొరలు కదా?" అని అడిగేశాను. రాజేశం నా కాలు తొక్కాడు.

సాలెం ఏమీ అనుకోలేదు. "కొందరు దొరలు. మా నాయన లవంగాల తోటలో గుమస్తా. నేను అక్కడే బడికి పోయాను. మా వాడలో రకరకాల పత్రికలు వచ్చేవి. ఒక్కో జట్టుకు ఒక్కో పత్రిక, పొద్దున్నే తిట్టుకునేవాళ్ళు. తర్వాత తిరుగుబాటు లేచి అరబ్బుల మారణకాండ జరిగింది. ఇక్కడికొచ్చి పడ్డాం. అప్పుడు ఈ దేశంలో బళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాయను చదవను వచ్చినవాడు కావాలంటే, పడవ దిగిన మా బోటివాళ్ళనే పిలిచేవాళ్ళు. బడిలో పంతులుగా, కచేరీలో గుమస్తాగా."

"అంటే ఒమాన్‌కు చదువు ఆఫ్రికా నుంచి కూడా వచ్చింది."

"ఇప్పటికీ వస్తూనే ఉంది. బళ్ళలో సగం మంది పంతుళ్ళు ఈజిప్టువాళ్ళు, సుడానీలు" అని చాయ్ ఊదుకున్నాడు. "నీకు కాగితాల పిచ్చి ఉందని నీ అల్లుడు చెప్పాడు. మా ఊరు ఇబ్రా. అక్కడొక సుడానీ ఉస్తాదు, అంటే పంతులు, ఉన్నాడు, గోడ మీద పత్రిక రాయిస్తాడు. నా పికప్పు బుధవారం పంపుల సామాను తీసుకుని పోతుంది. ఎక్కు."

ఇంత కాలం ఎన్ని పత్రికలు చదివాను! ఈ సముద్రం మీద చదువు ఎటు నుంచి ఎటు నడిచిందో ఏ ఒక్కటీ నాకు చెప్పలేదు. ఆ చాయ్ కప్పు యాభై బైసాలు, అంటే అక్కడి పైసలు. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను పెట్టిన ఖర్చంతా అదే.

ఇబ్రా దారి

పికప్పు నడిపేవాడు మస్తాన్. కడప మనిషి, ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు, దారిలో కనబడినవాడితో అరబ్బీ.

"సుడానాయన కోసం ఇంత దూరమా పెద్దాయనా? అందరూ కోట సూడ్డానికి పోతారు."

"కోటల్లో దొరలుంటరు. దొరల్ని శానా సూసిన."

"అయితే మీరు నా మాదిరే. నేనూ మా అర్బాబును రోజూ సూస్తాండా, ఇంక కోట యాల?"

దారి రెండు వైపులా నల్లని కొండలు. గడ్డిపరక లేదు. ఉన్నట్టుండి ఒక మలుపులో ఖర్జూరం తోటలు, మధ్యలో సన్నని కాలువ. కొండ కడుపులోంచి సొరంగం తవ్వి నీళ్ళు తెస్తారట, వాటిని గంటల వంతున పంచుకుంటారట. మా చెరువు కింద నీరటికాడు తూము తిప్పే లెక్క గుర్తొచ్చింది. అక్కడ నీళ్ళకు పోట్లాటలుంటాయా అని అడిగాను.

"నీళ్ళుండే సోట పోట్లాట లేకుండా యాడుంటాది పెద్దాయనా!" అన్నాడు మస్తాన్.

ఆడవాళ్ళ సంత

ఇబ్రాలో దిగగానే నాకొక పరాభవం జరిగింది. మస్తాన్ పంపుల సామాను దించుతుంటే, పక్కనే రంగురంగుల గుడ్డలు కనిపించాయి. నేతపని చేసిన కళ్ళు ఊరుకుంటాయా? లోపలికి పోయి ఒక అద్దకం గుడ్డ అంచు పట్టి, పోగులు చూస్తున్నాను. నా వెనక ఒక అరుపు. తర్వాత పది అరుపులు. చూస్తే అందరూ ఆడవాళ్ళే. చంటిపిల్లలు తప్ప, కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు అందరూ. ఒక అవ్వ విసనకర్రతో నా భుజం మీద ఒక్కటేసింది.

మస్తాన్ పరుగున వచ్చి రెక్క పట్టుకుని బయటకు లాగాడు.

"అయ్యో పెద్దాయనా! బుధవారం ఇది ఆడోళ్ళ సంత. మొగోళ్ళు అడుగు పెట్టగూడదు."

"ముందు జెప్పద్దా?"

"ఈ వయసులో మీరు ఆడోళ్ళ సంతలో జొరబడతారని నాకేం తెలుసు!"

అవ్వ బయటికొచ్చి ఇంకేదో అంది. మస్తాన్ పగలబడి నవ్వాడు. "గడ్డానికి సాంబ్రాణి పట్టించుకోని సంబంధం వెతుక్కునే దానికొచ్చినాడా అంటాంది."

సిగ్గేసింది, మెచ్చుకున్నాను కూడా. మన సంతల్లో అమ్మేది ఆడది, డబ్బు లెక్క చూసేది పక్కన బీడీ తాగే మొగుడు. ఇక్కడ బుధవారం ఒక్కరోజైనా బీడీకి ప్రవేశం లేదు.

గోడ

ఇక అసలు సంగతి. ఈ కింది భాగం ఒక్క అక్షరం కూడా ఆ వారపత్రికలో పడలేదు.

బడి గేటు లోపల వరండా గోడకు, మంచమంత పొడవు అట్ట. దాని మీద అరబ్బీలో చేతిరాత, నాలుగైదు రంగుల సిరా. అరబ్బీ నాకు రాదు. ఉర్దూ పుణ్యాన అక్షరాలు మాత్రం తెలుసు. పైకి కూడబలుక్కుని చదువుతుంటే, వెనక నుంచి ఎవరో "నువ్వు చదివేది నీకు అర్థమవుతోందా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"ఒక్క ముక్కా అర్థం కాదు. అయినా చదవకుండా ఉండలేను."

ఆయన పెద్దగా నవ్వాడు. సాలెం చెప్పిన ఉస్తాదు ఆయనే. ఆరడుగుల మనిషి, తెల్లని పొడుగు అంగీ, తలపాగా, చెంపల మీద వాళ్ళ తెగ ఆచారపు పాత గాట్లు. ఆయన్ను ఇక్కడ బాబికర్ అంటాను. అది ఆయన పేరు కాదు. ఆయన పేరు రాయవద్దన్నాడు, ఎందుకో మీకే తెలుస్తుంది.

అట్టలో ఏముందో మస్తాన్ సాయంతో చెప్పాడు. ఖర్జూరానికి పట్టే పురుగు. బంతాట ఫలితాలు. పళ్ళు తోముకోవడం. ఒక పిల్లవాడు తన గాడిద మీద రాసిన పద్యం.

"ఈ దేశంలో నేను అతిథిని" అన్నాడు. "అతిథి పళ్ళు తోముకోవడం గురించి రాయిస్తాడు."

ఎడమ వైపు కింద జానెడు చోటు ఖాళీగా ఉంది. చుట్టూ గీత గీసి, లోపల తెల్లగా వదిలేశారు. రాతకు సరుకు చాలలేదేమో అనుకుని, "ఇదేం, ఖాళీ పెట్టారు?" అని అడిగాను.

బాబికర్ నవ్వు ఆగిపోయింది. ఆ గీత మీద వేలు పెట్టాడు.

"ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ప్రతి అట్టలోనూ వదులుతున్నాను. పెద్ద పంతులు అది అందం కోసమనుకుంటున్నాడు. మొదట అడిగింది నువ్వే." మస్తాన్ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు.

"అడిగినోనికి సెప్పాల్సిందేనంట పెద్దాయనా" అన్నాడు మస్తాన్. "అది వాళ్ళ కట్టుబాటంట. భోజనానికి రమ్మంటాండాడు."

గటక

ఆయన గదిలో కింద కూర్చున్నాం. ఒకే పెద్ద పళ్ళెం, మధ్యలో బోర్లించిన గిన్నెలా ఒక ముద్ద, చుట్టూ జిగురు పులుసు. అసీదా అంటారట. ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఓరి నాయనా! అది జొన్న గటక! పులిసిన పిండితో చేసిన గటక. పులుసేమో ఎండబెట్టి పొడి కొట్టిన బెండకాయ. తర్వాత ఎర్రని షర్బత్ ఇచ్చాడు. గుక్క వేయగానే పులుపు పట్టిచ్చింది, మన ఎర్ర గోంగూర కాయ తొక్కలు! ఆఫ్రికాలో తిండి లేదన్న బొమ్మ చూసి వచ్చినవాణ్ణి, మా అమ్మ పెట్టిన తిండి తింటున్నాను.

మస్తాన్ అన్నం కోసం వెతుక్కున్నాడు. "కడపోనికి సంగటి కొత్తనారా?" అన్నాను. "మాది రాగి సంగటి పెద్దాయనా, ఇది వేరే పార్టీ" అన్నాడు, కానీ రెండోసారి వడ్డిస్తే కాదనలేదు.

తింటూ బాబికర్ చెప్పింది ఇది.

వాళ్ళది నైలు కాలువల కింద పత్తి పండే పల్లె. ఇంగ్లీషువాళ్ళు కాలువలు తవ్వారు, పత్తి పట్టుకుపోయారు, బళ్ళు మాత్రం తమకు కావాల్సిన గుమస్తాలు తయారవడానికి చాలినన్నే పెట్టారు. అప్పుడు ఊళ్ళవాళ్ళే చందాలేసుకుని బళ్ళు కట్టుకున్నారు. అహలియా బళ్ళు అంటారు వాటిని, అంటే జనం బళ్ళు. వాళ్ళ పల్లెలో పత్తి తూకం దగ్గర ప్రతి రైతూ ఒక బుట్ట పక్కకు తీసి పెట్టేవాడట. అది బడి బుట్ట. ఆ పత్తి అమ్మి ఇటుక, ఆ ఇటుకను గాడిదల మీద మోసి గోడ, ఆ గోడ మీద పత్రిక.

"పత్రిక కొనడానికి ఊళ్ళో పైసా లేదు. అచ్చువెయ్యడానికి యంత్రం లేదు. గోడ ఉంది. పిల్లలు రాసేవాళ్ళు, సాయంత్రం పెద్దలు బడి ముందు నిలబడి చదివించుకునేవాళ్ళు. కాలువ నీళ్ళు ఎవరు దొంగిలించారు, తూకంలో ఎవరు మోసం చేశారు, అన్నీ గోడెక్కేవి. అధికారులు వచ్చి నచ్చని ముక్క చింపేవాళ్ళు. మేం అతుకు వేసేవాళ్ళం కాదు. చిరిగిన చోటు చిరిగినట్టే. తర్వాతి అట్టలో గీత గీసి ఖాళీ వదిలేవాళ్ళం. చూసినవాడు అడగాలి, తెలిసినవాడు చెప్పాలి. ఉన్నప్పటికంటే చింపాకే ఆ ముక్క ఎక్కువమందికి చేరేది."

నేను పళ్ళెంలోంచి చెయ్యి తీసేశాను. పటేలు పత్రిక పట్టుకుపోయిన మా పఠన మందిరం కళ్ళ ముందుకొచ్చింది. ఎమర్జెన్సీలో సంపాదకీయం చోటు తెల్లగా వదిలిన ఒకటి రెండు పత్రికలూ గుర్తొచ్చాయి. ఆ తెల్ల చోటును నేను గంట సేపు చదివాను.

"మరి ఈ ఖాళీ?" అన్నాను.

ఆమ్నా బాబికర్‌కు అక్క. ఆ పల్లెలో ఆడపిల్లలకు విడిగా బడి ఉండాలని ఇల్లిల్లూ తిరిగి, ఇంకో బుట్ట పత్తి తీయించింది ఆవిడ. గోడ పత్రికకు పెద్దక్షరాలు రాసే చెయ్యి ఆవిడదే. దేశంలో సైన్యం గద్దెనెక్కింది. పత్రికలు మూసేశారు, సంఘాలు రద్దు చేశారు, పంతుళ్ళను ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆమ్నా తన గోడ మీద మూతపడ్డ పత్రికల పేర్లన్నీ రాసి, ఒక్కో పేరు కింద ఒక్కో ఖాళీ గీసింది. ఆ మధ్యాహ్నమే తీసుకుపోయారు. తమ్ముణ్ణి కూడా అడుగుతున్నారని తెలిసి ఊరివాళ్ళు ఆయన్ను దేశం దాటించారు.

"కనబడటం లేదని ఒక వాక్యం వేసే పత్రిక నా దేశంలో మిగల్లేదు" అన్నాడు బాబికర్. "లోపల ఉన్నవాళ్ళ పేరు బయట ఎక్కడైనా అచ్చయితే వాళ్ళను చంపడానికి కాస్త వెనకాడతారంటారు. నిజమో కాదో తెలియదు. నీకు పత్రికలవాళ్ళు తెలుసా?"

ఎప్పుడో ఒకటి రెండు ఉత్తరాలు అచ్చయిన మనిషిని. "తెలుసు" అన్నాను. "కానీ మా లిపి ఇక్కడ ఎవరూ చదవలేరు."

"నువ్వు నా గోడను చదవలేకుండానే చదివావు కదా. నా పేరు వద్దు, ఊళ్ళో అమ్మ ఉంది. ఆమ్నా పేరు వెయ్యి. ఒక్క ప్రతి నాకు పంపు."

వేయిస్తానని మాటిచ్చాను. ఆయన కాగితం తీసుకుని నా చేత ఆమ్నా అని తెలుగులో రాయించుకున్నాడు. ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గుండ్రంగా ఉంది" అన్నాడు. "ఆమెకు నచ్చుతుంది."

తిరుగు దారిలో మస్తాన్ కొండలు దాటాక అన్నాడు, "పెద్దాయనా, నేను ఈయప్పకు నాలుగేండ్లుగా గ్యాసు బండ తెచ్చిస్తాండా. ఆ ఖాళీ గీతను ప్రతిసారీ సూసినా. అడగాలనే తోచలా."

హైదరాబాద్

ఇంటికొచ్చి రాశాను. వారపత్రిక వేసింది. వేసింది చూసి హైదరాబాదు బస్సెక్కాను.

సంపాదకుడు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"ఎంత బాగా రాశారండీ పెద్దాయనా! సాంబ్రాణి గడ్డం చదివి మా ఆఫీసంతా నవ్వింది."

"ఆమ్నా ఏది?"

"ఎవరండీ?"

"నేను రాసిన పంతులమ్మ. సూడాన్ బడి, గోడ పత్రిక, అంతా ఏది?"

"ఓ, అదా! చూడండీ, మస్కట్ అనగానే మనవాళ్ళకు బంగారం, వీసా. ఆఫ్రికావాళ్ళ బడి గొడవ మన పాఠకుడికి దేనికండీ? కరువు మీద రాయండి, ఫోటోతో సహా వేస్తాను."

"పాఠకుడు అడిగిండా వద్దని?"

"అడగకుండానే తెలుస్తుందండీ. ఇరవయ్యేళ్ళ అనుభవం."

"నేను బంగారం మీద ఒక్క ముక్క రాస్తే మీరు రెండు పేరాలు చేసిన్రు."

"అవును, అది మా సబెడిటర్ కలిపాడు. కుదిరింది కదా?"

"ఎవరన్న బెదిరించిన్రా మిమ్మల్ని? సర్కారు ఏమన్న అన్నదా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఛ ఛ, మనకెవరండీ బెదిరించేది! చివరి నిమిషంలో ప్రకటన వచ్చింది. చోటు కావాల్సొచ్చింది, అంతే."

"పోనీ, తీసేసిన చోటు తెల్లగా ఇడిసిపెట్టకపోయిన్రా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి చాయ్ తాగాడు. వచ్చే వారం దిద్దుబాటుగా నాలుగు వాక్యాలైనా వెయ్యమన్నాను. చూద్దామన్నాడు. ఐదు ఉత్తరాలు రాశాను. ఐదోదానికి చందాదారుగా చేరమని ఒక అచ్చు కార్డు వచ్చింది.

పటేలు చేసింది జులుం. అయినా వాడు పత్రికను గుంజుకుపోతుంటే మా అందరికీ కనబడింది. ఇది ఎవరికీ కనబడలేదు. ఆ వారం ఆ పేజీ తిప్పిన వేలమందిలో ఒక్కరికైనా అక్కడ ఒక మనిషి ఉండేదని తెలియదు. ఉన్నట్టు కూడా తెలియకుండా తీసేయడం, దానికి వేరే ఏం పేరు పెట్టాలో నాకు ఏ భాషలోనూ దొరకలేదు.

జవాబు

ఆ వారపత్రికను బాబికర్‌కు పంపాను. పేజీలో ఆమ్నా లేదని, ఆమె చోటు ఎక్కడో వేలెడు బాణం గీసి, జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాశాను. నెలలు గడిచాయి. నా మీద కోపమొచ్చిందనుకున్నాను, రావాల్సిందే అనుకున్నాను. మొన్న రాజేశం సెలవు మీద వచ్చాడు. బూట్లు విప్పకుండానే జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఉస్తాదు మస్తాన్ తోని పంపిండు మామా. నేను గూడ పోయిన గాడికి, గటక తిన్న."

ఆ కాగితంలో ఉన్నది ఇక్కడ తెలుగు చేసి, ఒక్క ముక్క తీయకుండా వేస్తున్నాను:

"మిత్రమా, మీ పత్రిక అందింది. మొదట ఏమీ అర్థం కాలేదు. నువ్వు బాణం గీసిన చోట మెడ నిండా నగలు వేసుకున్న అమ్మాయి నవ్వుతోంది. కత్తెర తీసుకుని ఆమెను జాగ్రత్తగా కత్తిరించేశాను. ఇప్పుడు పేజీలో సరిగ్గా ఆమ్నా అంత కన్నం ఉంది. నువ్వు రాసిచ్చిన గుండ్రటి అక్షరాలను కన్నం పక్కన పెట్టి, పేజీని నా గది తలుపుకు అంటించాను. మస్తాన్ వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. నీ అల్లుడు కూడా వచ్చి, ఇక్కడ ఏముండేదని అడిగాడు. చెప్పాను. అక్క గురించి ఇంకా కబురు లేదు. తలుపు చూసిన పిల్లలంతా ఒకటే అడుగుతున్నారు: 'ఉస్తాద్, ఆ దేశంలో కూడా సైన్యం వచ్చిందా?' రాలేదన్నాను. 'మరి వాళ్ళు ఎవరికి భయపడ్డారు?' అంటున్నారు. అడిగినవాడికి చెప్పాలి కదా. ఏం చెప్పమంటావో రాయి."